జొన్నపిండి పాన్‌కేక్ విరిగిపోతోంది, అక్కా!

ప్రశ్న: అక్కా, నాకు బాబు పుట్టి రెండు నెలలు దాటింది. పెద్దాపరేషన్ అయింది. దేవరకొండ దగ్గర తల్లిగారింట్లో ఉన్నాను. హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు ఆదివారం వస్తే ప్యాకెట్ పిండితో పాన్‌కేక్‌లు చేసుకునేదాన్ని. ఇక్కడ పొద్దున లేస్తే అన్నం, ఎల్లిపాయ కారం, మధ్యాహ్నం మళ్లీ అదే. నోరు చచ్చిపోయింది. రాత్రి రెండింటికి బాబుకు పాలిచ్చాక ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. మొన్న ఇంట్లో ఉన్న జొన్నపిండిలో పాలు, బెల్లం కలిపి పాన్‌కేక్ పోస్తే, తిప్పేసరికి ముక్కలు ముక్కలైంది. ఇంతలో బాబు లేచాడు. వాడి దగ్గరికి వెళ్లొచ్చేసరికి రెండోది మాడిపోయింది. 'బాలింతకు కేకులేంది' అని అత్తమ్మ ఫోన్‌లో అంది. మైదా లేకుండా ఇంట్లోనే మంచిగా ఎలా చేసుకోవాలి? గుడ్డు వేయొచ్చా? నేను ఇవన్నీ తింటే బాబుకు జలుబు చేస్తుందా? వాడికెప్పుడు పెట్టొచ్చు? ఇంకో మాట. ఈ మధ్య ఊరూరికే ఏడుపొస్తోంది. ఒక పాన్‌కేక్ కూడా సరిగ్గా చేయలేనిదాన్ని, వీడిని ఎలా పెంచుతానో అనిపిస్తోంది.
– ఒక చెల్లి, నల్గొండ జిల్లా

సమాధానం: చెల్లీ, నువ్వు చివర రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. పాన్‌కేక్ ఇంకో వారం ఆగినా ఏం కాదు, అది మాత్రం ఆగకూడదు.

కాన్పయిన మొదటి పది, పదిహేను రోజులు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు. అది దానంతటదే తగ్గుతుంది. నీకు రెండు నెలలు దాటాయి కాబట్టి దీన్ని డాక్టర్‌కు చెప్పాలి. బాబుకు పదో వారం టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తావు. అప్పుడు ఏడుపు సంగతీ, కళ్లు తిరిగే సంగతీ రెండూ చెప్పు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రాయించుకో. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే నీరసపడిపోతుంది. బాబు పడుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, వాడిని చూసినా మనసుకు ఏమీ అనిపించకపోతే, చచ్చిపోవాలనో వాడిని ఏమైనా చేయాలనో ఒక్క ఆలోచన వచ్చినా, టీకా రోజు దాకా ఆగొద్దు. ఆ రోజే అమ్మకు చెప్పి ఆస్పత్రికి వెళ్లు. 14416 అని ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబర్ ఉంది. డబ్బులు పడవు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. మందులు రాస్తే బాబుకు పాలు మాన్పించాల్సి వస్తుందేమోనని భయపడకు. పాలిచ్చే తల్లులకు రాసే మందులు డాక్టర్లకు తెలుసు.

ఇక ఆ మాడిన పాన్‌కేక్ సంగతి. వాడు ఏడవగానే నువ్వు పొయ్యి వదిలి పరుగెత్తావు కాబట్టి అది మాడింది. పిల్లవాడిని పెంచడం ఎలాగో వచ్చినవాళ్లు చేసే పనే అది.

నీ ఆకలి కూడా నిజమైన ఆకలే. 'ఇంత తింటోంది' అని ఎవరైనా అంటే పట్టించుకోకు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు మామూలుకంటే 600 కేలరీలు ఎక్కువ కావాలి. మాంసకృత్తులు కూడా ఎక్కువే కావాలి. పథ్యంలో పెట్టేవాటితో నాకు పేచీ లేదు. వేడి అన్నం, నెయ్యి, ఎల్లిపాయ కారం ఎవరికి చేదు? పథ్యం పేరు చెప్పి పప్పు, గుడ్డు, పండు, ఆకుకూర కంచంలోంచి తీసేస్తారే, పేచీ అక్కడ. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని నీకూ చెప్పే ఉంటారు. కుట్లు మానడానికి కావాల్సిందే ఆ మాంసకృత్తులు.

ఇప్పుడు పిండి దగ్గరికి వద్దాం. నీ పాన్‌కేక్ విరగడానికి కారణం జొన్నే. గోధుమలో ఉండే సాగే జిగురు జొన్నలో లేదు. మీ అమ్మ జొన్నరొట్టె చేసేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూడు. నీళ్లు తెర్లేదాకా కాచి పిండిలో పోస్తుంది, మూత పెడుతుంది, చెయ్యి పట్టే వేడికి వచ్చాక పిసుకుతుంది. ఆ వేడికే జొన్నపిండి జిగురెక్కుతుంది, పలచగా తట్టినా చినగదు. నువ్వేమో చల్లటి పాలు పోశావు. దానికి తోడు పిండి పాతదైతే ఇంకా విరుగుతుంది. గిర్నిలో పట్టించి ఎన్నాళ్లయిందో అమ్మనడుగు. కొత్తగా పట్టించిన పిండికీ, నెల దాటిన పిండికీ రొట్టె ఎంత తేడాగా వస్తుందో ఆమెకు తెలుసు.

కాబట్టి ఉత్త జొన్నపిండితోనే కావాలంటే ఇలా చెయ్యి. అర కప్పు పిండి మీద అర కప్పు మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, పది నిమిషాలు మూత పెట్టు. బాగా చల్లారాక ఒక గుడ్డు కొట్టి వెయ్యి. వేడి మీద వేస్తే గుడ్డు అందులోనే ఉడికిపోయి పలుకులు కడుతుంది. తర్వాత పాలు కొంచెం కొంచెంగా పోసి దోశపిండికంటే చిక్కగా కలుపుకో. పొయ్యి మీద పోసే ముందు అర స్పూన్ బేకింగ్ పౌడర్ వెయ్యి.

కానీ బాలింతవు, రోజూ ఇంత పని ఎందుకు? నా మాట వింటే ఒక పొడి డబ్బా పెట్టుకో. గోధుమపిండి రెండు కప్పులు, తైదల పిండి ఒక కప్పు, జొన్నపిండి ఒక కప్పు. తైదలంటే రాగులే, హైదరాబాద్‌లో ఉండి ఆ మాట మర్చిపోయి ఉంటావు. వీటిలో నాలుగు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఒక టీస్పూన్ ఉప్పు వేసి రెండుసార్లు జల్లెడ పట్టి, తడి లేని డబ్బాలో మూత గట్టిగా పెట్టు. మూడు, నాలుగు వారాలు బాగుంటుంది. సగం గోధుమ ఉంది కాబట్టి విరగదు. సజ్జపిండి మాత్రం కలపకు. సజ్జల్లో నూనె ఎక్కువ, పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది, డబ్బా మొత్తం పాడవుతుంది. పల్లీల పొడి, నువ్వుల పొడి కూడా అందులో కలిపి నిల్వ పెట్టకు, ముక్క వాసన వస్తాయి. ఎప్పటికప్పుడు వేసుకో.

వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదు. బేకింగ్ పౌడర్ కొలతకు సోడా వేశావంటే పాన్‌కేక్ సబ్బు తిన్నట్టుంటుంది. కిరాణాకొట్టులో ఎన్నాళ్లుగా ఉన్న డబ్బానో అని అనుమానముంటే, అర స్పూన్ పౌడర్ మీద వేడి నీళ్లు పోసి చూడు. బుసబుసా పొంగితే పని చేస్తుంది, లేకపోతే పారెయ్యి.

ప్యాకెట్ పిండి తినకూడదని నేననను. ఒక్కసారి ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదువు. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలని రూలు. చాలావాటిలో మొదట మైదా, ఆ తర్వాత చక్కెర కనిపిస్తాయి. ఆ రెంటికోసం అంత డబ్బు పెట్టాలా అన్నదే నా ప్రశ్న.

పూటకు కొలత గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. ఒక కప్పు పొడి, ఒక కప్పు పాలు, ఒక గుడ్డు. అంతే. వీటికి తోడు పిండిలోనే రెండు స్పూన్ల వేయించిన పల్లీల పొడి, ఒక స్పూన్ నెయ్యి. బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి వేస్తే బెల్లం అక్కర్లేదు. బెల్లమే కావాలంటే రెండు స్పూన్లు గోరువెచ్చని నీళ్లలో కరిగించి వడకట్టు, ఇసుక పోతుంది. ఆ నీళ్ల మేరకు పాలు తగ్గించు. బెల్లంలో ఇనుము ఉంటుందని దోసిళ్లతో పోసేవాళ్లున్నారు. ఆ కొద్ది ఇనుము కోసం అంత తీపి తినడం అనవసరం. పైగా బెల్లం ఎక్కువైతే పెంకకు అంటుకుని పైన నల్లబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. నీ రెండోది మాడడంలో బాబుతో పాటు బెల్లానికీ వాటా ఉంది.

కలిపాక పది నిమిషాలు పక్కన పెట్టు. తైదల పిండి తడి బాగా పీల్చుకుంటుంది, చిక్కబడితే ఇంకొంచెం పాలు పొయ్యి. చిన్న చిన్న ఉండలున్నా వదిలెయ్యి. గిలకొట్టిన కొద్దీ గోధుమ సాగి, పాన్‌కేక్ గట్టిపడుతుంది.

కాల్చడంలో అసలు కిటుకుంది. మైదా పాన్‌కేక్ అంచు ఎత్తి చూస్తే బంగారు రంగు కనబడుతుంది. తైదల పిండి పచ్చిగా ఉన్నప్పుడే గోధుమరంగులో ఉంటుంది. కాలిందో లేదో రంగు చూసి చెప్పలేవు. అందుకని రంగు వైపు చూడకు, బుడగలు చూడు. దోశ పెనం సన్నని మంట మీద వేడెక్కనిచ్చి, నాలుగు చుక్కల నెయ్యి రాసి, అరచేయంత వెడల్పుగా పొయ్యి. గంటెతో దోశలా తిప్పకు, అదే పరుచుకుంటుంది. మూత పెట్టు. నిమిషంన్నరకు పైన బుడగలు లేస్తాయి. మొదట పగిలిన బుడగల గుంతలు మళ్లీ పూడిపోతాయి, అప్పుడే తొందరపడకు. పగిలిన గుంత పూడకుండా అలాగే నిలిచి, అంచు మీద తడి మెరుపు పోయి మసకబారిందంటే తిప్పు. రెండో వైపు ఒక నిమిషం చాలు. రొట్టెల పెంక మందంగా ఉంటే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. మూడోది పోసేసరికి మంట ఇంకా తగ్గించాలి.

ఒక కప్పు పిండికి అరచేయంత పాన్‌కేక్‌లు ఐదారు వస్తాయి. పెద్దవి చేయకు. ఒక చేత్తో బాబును పట్టుకుని ఇంకో చేత్తో తినాలి కదా, చిన్నదైతే చుట్టి నోట్లో పెట్టుకోవచ్చు. పైన పాకం, నెయ్యి కారేలా పోసుకోకు. వేడి చుక్క బాబు మీద పడుతుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆ ఒకటి, ఒకటి, ఒకటి కొలతను కాగితం మీద రాసి డబ్బా మూతకు అంటించు. రాసేది నీ కోసం కాదు. మీ ఆయన గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. వారానికోసారి వచ్చి బాబుతో ఫోటో దిగి వెళ్తున్నాడో, రోజూ ఇంట్లోనే ఉన్నాడో నాకు తెలియదు. ఎక్కడున్నా, వచ్చిన రోజు పొద్దున పెంక దగ్గర నిలబడాల్సింది ఆయనే. తమ్ముడుంటే తమ్ముడు, నాన్న ఉంటే నాన్న. కప్పు పట్టుకుని కొలవడం, బుడగలు చూడడం ఎవరికైనా వస్తుంది. పెద్దాపరేషన్ అయిన మనిషి అరగంట పొయ్యి ముందు నిలబడి, మధ్యలో పిల్లవాడి ఏడుపుకి పరుగెత్తి, మళ్లీ వచ్చి మాడినదాన్ని గీకి, దానికి తనను తాను తిట్టుకోవడం ఏం న్యాయం? మీ అమ్మ మీద కూడా వేయకు. బాబు స్నానం, నీ స్నానం, బట్టలు, వంట అన్నీ ఆమే చూస్తోంది కదా. నీకు పాన్‌కేక్ చేయడం రాకపోవడం సమస్య కాదమ్మా. ఆకలేసినప్పుడు నీ చేతికి తిండి అందడం లేదు, అదీ సమస్య.

రాత్రి రెండింటి ఆకలికి మాత్రం పాన్‌కేక్ పనికిరాదు. సాయంత్రం చేసి మంచం పక్కన పెడితే, గుడ్డు, పాలు కలిసినవి మన ఎండలకు అప్పటిదాకా నిలవవు. ఫ్రిజ్ ఉంటే మిగిలినవి డబ్బాలో పెట్టి మర్నాటికల్లా పెంక మీద బాగా వేడి చేసుకుని తినెయ్యి. రాత్రికి తలగడ దగ్గర పల్లిపట్టీలో, నువ్వుల లడ్డూలో ఒక డబ్బా, నీళ్ల సీసా ఉండాలి. పాలిచ్చే ముందే ఒక లడ్డూ తిను, ఇచ్చాక కాదు. ఆ డబ్బా ఖాళీ కాకుండా చూసే పని కూడా ఇంకొకరికి అప్పజెప్పు.

గుడ్డు బాగా కాలితే నీకు ఏ ఇబ్బందీ లేదు. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద బాలింతలకు పెట్టే భోజనంలో కూడా గుడ్డు, పాలు ఉంటాయి. 2015 నుంచి నడుస్తోంది, బాబుకు ఆరు నెలలు వచ్చేదాకా ఇస్తారు. తల్లిగారింట్లో ఉన్నప్పుడు నీ పేరు ఎక్కడ రాయించాలో అక్కడి టీచర్‌ను అడుగు. ఇంట్లో గుడ్డు తినకపోతే దాని బదులు పావు కప్పు చిక్కటి పెరుగు వేసి, ఆ మేరకు పాలు తగ్గించు. అరటిపండు మానకు, పట్టు నిలబెట్టేది అదే.

నువ్వు అరటిపండో, బత్తాయో తింటే బాబుకు జలుబు రాదు. జలుబు వైరస్‌తో వస్తుంది. తుమ్ముతూ వచ్చి వాడి బుగ్గలు ముద్దుపెట్టుకునే చుట్టాల నుంచి వస్తుంది. వాళ్లనాపు, బత్తాయినెందుకు ఆపడం? బత్తాయికి పేరున్న జిల్లాలో ఉండి బాలింత దాన్ని ముట్టకపోవడం నాకైతే మింగుడుపడదు. గింజల్లో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. చాయ్ దానికి అడ్డం పడుతుంది. పాన్‌కేక్‌తో పాటు చాయ్ వద్దు, గంటసేపు ఆగి తాగు.

అత్తమ్మతో వాదన పెట్టుకోకు. ఆమెకు కేకు అనగానే బేకరీ అద్దాల వెనక క్రీమ్ పూసినది గుర్తొచ్చి ఉంటుంది. ఆమె వచ్చిన రోజు తీపి లేకుండా కారం రకం చేయించు. అదే పొడి కప్పు, పాల బదులు పలచటి మజ్జిగ, సన్నగా తరిగిన మునగాకు గుప్పెడు, జీలకర్ర, దంచిన ఎల్లిపాయ నాలుగు రెబ్బలు, ఒక స్పూన్ నువ్వులు. సర్వపిండిలో వేసే సరుకే ఇంచుమించు. ఎల్లిపాయ, మెంతులు తింటే పాలు పడతాయని ఆమె అంటే సరేనని తిను, రుచికి బాగుంటాయి. పాలు పెరిగేది మాత్రం బాబు మాటిమాటికీ చీకితేనే.

తైదల్లో కాల్షియం ఎక్కువన్నది నిజమే, వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. కానీ మన కప్పు పొడిలో తైదలు పావు వంతే, అంటే 100 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. కప్పు పాలతో ఇంకో 240. నీకు రోజుకు 1200 కావాలి. కాబట్టి ఆస్పత్రిలో ఇచ్చిన కాల్షియం గోలీలు మానకు. కాన్పు తర్వాత ఆరు నెలలు కాల్షియం, ఇనుము గోలీలు రెండూ వాడాలి. రెండూ ఒకేసారి మింగకు. పాలతో చేసిన పాన్‌కేక్ తిన్న పూట కాల్షియం, రాత్రి అన్నం తిన్నాక కాసేపటికి ఇనుము అని పెట్టుకుంటే గొడవ ఉండదు.

బాబుకు ఇప్పుడు ఇవేవీ వద్దు. ఆరు నెలలు నిండేదాకా నీ పాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. నిండాక తైదల జావ, మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డుతో మొదలుపెట్టు. మన డబ్బా పొడిలో ఉప్పు ఉంది కాబట్టి అది కాకుండా, ఉప్పు, బెల్లం లేకుండా విడిగా చేసిన పాన్‌కేక్ ముక్క కూడా అప్పుడు మెత్తగా నలిపి పెట్టొచ్చు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు రాసినా వద్దు, పెద్దవాళ్లెవరు తెచ్చినా సరే. జావ కాచేది, పిండి కలిపేది, నువ్వు తాగేది ప్రభుత్వం నల్లాలో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లే అయ్యుండాలి. మీ వైపు బోరు నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మరిగించాం కదా అనుకుంటారు చాలామంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.